బటన్లు కూడా తిరిగాయి: వండర్‌స్వాన్ కోసం రెండేళ్లుగా మెడ్నాఫెన్

వండర్‌స్వాన్ అంటే అడ్డంగానూ నిలువుగానూ పట్టుకుని ఆడగలిగే పాత చేతి గేమ్ కన్సోల్. దాని ఆటల్ని కంప్యూటర్లో ఆడించే ఎమ్యులేటర్ మెడ్నాఫెన్. ఆ ఆటలకి దీన్ని వాడటం మొదలుపెట్టి రెండేళ్లు దాటింది. నాకు ఇది అంతగా నచ్చడానికి కారణం ఒక్కటే. నిలువుగా ఆడే ఆట పెడితే తెర మీది బొమ్మతో పాటు బటన్లు కూడా తిరుగుతాయి.

ఈ కన్సోల్ తెలిసినవాళ్లకి ఆ మాట విలువ తెలుస్తుంది. ఎడమ వైపు నాలుగేసి బటన్ల గుంపులు రెండు, ఒకదాని మీద ఒకటి ఉంటాయి. మిషన్ని నిలువుగా పట్టుకుంటే అవి తెర కింద పక్కపక్కన చేరి, చెరో బొటనవేలికి అందుతాయి. ఈ మిషన్ రూపకర్త గుంపేయ్ యొకోయ్ 1997లో చనిపోయాక ఆయన పేరే పెట్టిన ‘గుంపేయ్’ అలా ఆడాల్సిన ఆటే. కింది నుంచి గీతల ముక్కలు ఎక్కి వస్తుంటే, వాటిని పైకీ కిందకీ జరిపి ఈ అంచు నుంచి ఆ అంచుకి కలపాలి.

అంతకుముందు వాడిన ఎమ్యులేటర్‌లో బొమ్మ నిలువుగా వచ్చేది, బటన్లు మాత్రం అడ్డంగానే ఉండిపోయేవి. పైకి నొక్కితే కర్సర్ పక్కకి పోయేది. గీతలు పైదాకా వచ్చేస్తుంటే ఒకటే టెన్షన్. ఒక ఆదివారం కూర్చుని బటన్లన్నీ మార్చుకున్నాను. ఆ రాత్రి గుంపేయ్ హాయిగా ఆడాను. మర్నాడు అడ్డంగా ఆడే ఫైనల్ ఫాంటసీ పెడితే హీరో గోడలకేసి నడుస్తున్నాడు! అన్ని ఆటలకీ ఒకటే సెట్టింగ్ మరి. ఆట మారినప్పుడల్లా బటన్లు మార్చుకుంటూ ఏడాది గడిపాను.

ఏ ఆట ఎటు పట్టుకుని ఆడాలో, ఆ ఆట ఉండే కార్ట్‌రిడ్జ్ డేటాలోనే ఉంటుంది. మెడ్నాఫెన్‌లో కంట్రోల్, షిఫ్ట్, 1 కలిపి నొక్కి, దాన్ని చూసి తనే తిరిగే గేమ్‌ప్యాడ్ రకం ఎంచుకున్నాను. అంతే. గుంపేయ్‌లో పైకి నొక్కితే కర్సర్ పైకే వెళ్లింది. ఆ రాత్రి రెండింటి దాకా ఆడుతూనే ఉన్నాను.

అయితే దీనికి మెనూలు లేవు. చాలా సెట్టింగులు ఫైల్ తెరిచి రాసుకోవాల్సిందే, కమాండ్‌లు అలవాటు లేనివాళ్లకి మొదటి వారం విసుగే. ఇంకోటి, వండర్‌స్వాన్ తెర సెకనుకి దాదాపు 75 సార్లు మారుతుంది, నా ల్యాప్‌టాప్‌ది 60. పక్కకి జరిగే ఆటల్లో చిన్న కుదుపు కనిపిస్తుంది. గుంపేయ్‌లో అది తెలియదు కాబట్టి నాకు ఇబ్బంది లేదు.

ఫోన్లో ఆడేవాళ్లయితే రెట్రోఆర్క్ అనే ఎమ్యులేటర్ల యాప్‌లో బీటిల్ సిగ్నీ అనే వండర్‌స్వాన్ ఎమ్యులేటర్ చూడండి, అది దీని నుంచి వచ్చిందే. అడ్డంగా ఆడేవి మాత్రమే ఆడితే నేను ఇంతగా చెప్పిన సౌకర్యం మీకు అక్కర్లేదు. నా దగ్గరున్న పదకొండు కార్ట్‌రిడ్జ్‌లలో నిలువువి నాలుగే. ఆ నాలుగింటి కోసమే నేను దీన్ని వదలడం లేదు.