చెమట చేతికి మూడు వేళ్ల పట్టు: చాలాకాలం వాడాక నా మాట

గిటార్ తీగలు మీటే చిన్న ప్లాస్టిక్ ముక్కే పిక్. దాన్ని ఎలా పట్టుకోవాలో చెప్పే వీడియోలు కావలసినన్ని ఉన్నాయి. చూపుడు వేలు మడిచి, దాని పక్కన పిక్ పెట్టి, పైన బొటనవేలు ఆనించండి, అయిపోయింది అంటారు. ఆ వీడియోలు తీసినవాళ్లలో ఒక్కరైనా మే నెలలో కావలిలో గిటార్ వాయించి ఉంటారని నేను అనుకోను. చేయి పొడిగా ఉన్నంతసేపు ఆ పట్టుకు వంక పెట్టడానికి లేదు. చెమట పట్టిందా, పిక్ వేళ్ల మధ్యే మెల్లగా తిరగడం మొదలవుతుంది. మొదట మనకు తెలియను కూడా తెలియదు. రెండో చరణానికి వచ్చేసరికి కొనకు బదులు పక్కనున్న గుండ్రటి మూల తీగలకు తగులుతుంటుంది, సౌండ్ మొద్దుబారుతుంది, స్ట్రింగ్స్ పాతబడ్డాయేమోనని డబ్బు తగలేసి కొత్తవి వేస్తాం, మళ్లీ ఆదివారం అదే కథ.

బ్లూస్ గిటారిస్ట్ స్టీవీ రే వాన్ కావాలనే పిక్ తిరగేసి ఆ గుండ్రటి వైపుతో వాయించేవాడని చెప్పి ఓదార్చేవాళ్లు ఉన్నారు. ఆయన ఇష్టపడి తిప్పుకున్నాడు. నా పిక్ నన్ను అడక్కుండా తిరుగుతుంది.

కాబట్టి ఇది ఏ కంపెనీ పిక్ గురించో రాస్తున్న సమీక్ష కాదు, పట్టు గురించి. బొటనవేలు ఒకవైపు, చూపుడు వేలూ మధ్యవేలూ రెండోవైపు, మూడూ కలిపి పిక్ పట్టుకోవడం. కొన్నేళ్లుగా ఇదే వాడుతున్నాను. ఆదివారం చర్చిలో వాయిస్తాను, పెళ్లిళ్ల సీజన్లో ఒంగోలు నుంచి నెల్లూరు దాకా ఎవరు పిలిస్తే వాళ్ల ఆర్కెస్ట్రాతో వెళ్తాను. అకూస్టిక్ గిటారే, పని ఎక్కువగా స్ట్రమ్మింగే, అంటే తీగలన్నీ కలిపి లయగా మీటడమే. ఈ సంగతి గుర్తుపెట్టుకుని మిగతాది చదవండి, ఎందుకంటే లీడ్, అంటే ఒక్కొక్క స్వరంగా వాయించేవాళ్లకు నా అభిప్రాయం పెద్దగా పనికిరాకపోవచ్చు.

రెండు వేళ్ల మధ్య పిక్ ఎందుకు తిరుగుతుందో ఆలోచిస్తే పెద్ద రహస్యమేమీ లేదు. బొటనవేలు నొక్కే చోటు ఒకటి, దానికి సరిగ్గా వెనక చూపుడు వేలు. అంటే పిక్‌ను పట్టి ఉంచేది దాదాపు ఒకే బిందువు. తీగ తగిలేది ఆ బిందువు దగ్గర కాదు, దూరంగా ఉన్న కొన దగ్గర. తగిలిన ప్రతిసారీ కొంచెం మెలి పడుతుంది. పొడి చర్మం ఆ మెలిని ఆపుతుంది, తడి చర్మం ఆపలేదు. గట్టిగా నొక్కితే ఆగుతుంది కానీ అప్పుడు మణికట్టు బిగుసుకుపోయి స్ట్రమ్మింగ్ చెక్క మీద కొట్టినట్టు వినపడుతుంది. వెనకవైపు రెండో వేలు వచ్చి చేరితే పట్టు ఒక బిందువు దగ్గర కాకుండా కొంత పొడవునా ఉంటుంది, మెలి తిరగడానికి సందు తగ్గుతుంది. అంతే తేడా. అయినా సముద్రం పక్క ఊళ్లలో, ఉప్పుగాలీ ఉక్కా కలిసిన సాయంత్రాల్లో, ఆ తేడా చిన్నది కాదు.

ఈ పట్టుకు రాకముందు అందరూ చేసేవన్నీ నేనూ చేశాను. పిక్‌కి మధ్యలో చిల్లు పెట్టాను, గరుకు కాగితంతో రుద్దాను, సైకిల్ ట్యూబు ముక్క అంటించాను. ట్యూబు ముక్క బాగానే పట్టింది కానీ ఎండకు జిగురు కరిగి వేళ్లకే అంటుకుంది. నున్నటి ప్లాస్టిక్ పిక్ మానేసి తాబేలు బొమ్మ ఉండే డన్‌లప్ టార్టెక్స్‌కి మారాక కొంత నయం, దాని పైభాగం నున్నగా ఉండదు కదా. ఆ తాబేలు బొమ్మ వెనక కథ ఉంది. ఒకప్పుడు మంచి పిక్కులు నిజంగానే తాబేలు చిప్పతో చేసేవాళ్లు, హాక్స్‌బిల్ అనే జాతిది. 1970ల్లో ఒక అంతర్జాతీయ ఒప్పందంతో దేశాల మధ్య ఆ చిప్పల వ్యాపారాన్ని నిషేధించారు, దానికి బదులుగా 1981లో వచ్చింది టార్టెక్స్. మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లీలు వేరే జాతి, వాటి జోలికి ఎవరూ పోవద్దు. సరే, అసలు విషయానికి వస్తాను.

ఈ పట్టు మీద నాకు నమ్మకం కుదిరింది కందుకూరు వైపు ఒక పెళ్లి రిసెప్షన్లో. రోహిణి కార్తె. హాల్లో ఏసీ ఉందన్నారు, ఉంది కూడా, మేము సౌండ్ చెక్ చేసుకున్నంతసేపు. తర్వాత కరెంటు పోయింది. జనరేటర్ వేశారు. అది సౌండుకీ, స్టేజీ లైట్లకీ, వంటల దగ్గరికీ సరిపోయింది, ఏసీకి సరిపోలేదు. స్టేజీ మీద వెనక పూల డెకరేషన్, ముందు లైట్లు, గాలి వచ్చే దారి లేదు. మూడో పాటకే మోచేతి నుంచి చెమట గిటార్ బాడీ మీదికి కారుతోంది, చేయి ఆనించిన చోట చర్మం జారుతోంది. పెళ్లికొడుకు స్నేహితులు ముందుకొచ్చి వరసగా ఫాస్ట్ బీట్ పాటలు అడుగుతున్నారు. ఆ పాటల్లో గిటార్‌కి ఊపిరి తీసుకునే చోటు ఉండదు, పల్లవి నుంచి చివరిదాకా చేయి ఊగుతూనే ఉండాలి.

మామూలుగా ఇలాంటి చోట నా పిక్ ఏం చేస్తుందో మా వాళ్లందరికీ తెలుసు. తిరుగుతుంది, జారుతుంది, చివరికి గిటార్ బాడీ మధ్యనుండే గుండ్రటి సౌండ్ హోల్‌లో పడుతుంది. అకూస్టిక్ వాయించేవాళ్లకు తర్వాత జరిగేది వివరించక్కర్లేదు. పాట మధ్యలో గిటార్ తలకిందులు చేసి ఊపడం, లోపల పిక్ గలగలమనడం, అది బయటికి రాకపోవడం, కింద కూర్చున్న పిల్లలు నవ్వడం. అందుకే జేబులో ఎప్పుడూ గుప్పెడు పిక్కులు పెట్టుకుని వెళ్లేవాడిని. మూడు వేళ్ల పట్టు ఇంట్లో కొన్నాళ్లు సాధన చేసినా, స్టేజీ మీద మొత్తం ప్రోగ్రాం దాంతోనే వాయించడం అదే మొదలు.

పిక్ కదల్లేదు. కొంచెం కూడా కదల్లేదని చెప్పను, కానీ పాటకీ పాటకీ మధ్య కిందికి చూసినప్పుడల్లా కొన దాదాపు నేను పెట్టిన చోటే ఉంది. ఇంకో విషయం కాసేపటికి గమనించాను. నేను పిక్ గురించి ఆలోచించడం మానేశాను. అంతకుముందు ప్రతి పాటలో బుర్రలో సగం ఆ ప్లాస్టిక్ ముక్క మీదే ఉండేది, ఎక్కడ జారుతుందో అని టెన్షన్. ఆ రోజు గాయకురాలు పల్లవి ఒకసారి ఎక్కువ తిప్పితే వెంటనే పట్టుకోగలిగాను, డ్రమ్మర్ ఆపిన చోట ఆపగలిగాను. పెద్ద విద్వత్తు కాదు, బ్యాండ్‌లో ఉన్నవాడు చేయాల్సిన కనీస పని. అది చేయడానికి చెవులు ఖాళీగా ఉండటం నాకు కొత్త. సామాన్లు సర్దుతుంటే మా కీబోర్డు అన్న అడిగాడు, "ఏందబ్బాయా, ఈరోజు ఒక్కసారి కూడా గిటార్ తిరగేసి ఊపలేదే?" అని.

మా మాస్టారికి మాత్రం ఇది ససేమిరా నచ్చలేదు. ఆయన పాతకాలం మనిషి, చేయి ఎలా ఉందో చూశాకే పాట ఎలా ఉందో వింటారు. ఒకసారి చూసి, "ఏందిరా అది, గిటార్ వాయిస్తున్నావా, ముగ్గేస్తున్నావా?" అన్నారు. నిజమే, ముగ్గుపిండి పట్టుకున్నట్టే ఉంటుంది. మెటాలికా బ్యాండ్ జేమ్స్ హెట్‌ఫీల్డ్ మూడు వేళ్లతోనే పట్టుకుంటాడు సార్, పైనుంచి కిందికి ఆయన డౌన్‌స్ట్రోకులు కొట్టే వేగం ఎంతమందికి వస్తుంది అన్నాను. ఇంకో రాక్ గిటారిస్ట్ స్టీవ్ మోర్స్ కూడా అంతేనని చెప్పబోయాను. "వాళ్లకు వచ్చింది వాళ్లు వాయిస్తార్లేరా, నీ అప్‌స్ట్రోక్ చూసుకో" అన్నారు.

ఆ అప్‌స్ట్రోక్ మాట ఊరికే అన్నది కాదు. మధ్యవేలు పిక్ దగ్గరికి వచ్చేసరికి దాని గోరు తీగలకు దగ్గరవుతుంది. చేయి పైకి వచ్చేటప్పుడు గోరు కొస సన్నని తీగలను గీరుతుంది. ఇంట్లో వినపడదు. చర్చిలో గిటార్ లైన్ మిక్సర్‌కి వెళ్లినప్పుడు టిక్కు టిక్కుమని వెనక ఒక చప్పుడు వస్తుంది. సౌండ్ చూసే తమ్ముడు కేబుల్ పోయిందేమోనని రెండు కేబుళ్లు మార్చాడు పాపం. ఇప్పుడు ఆ గోరు బాగా కురచగా కత్తిరించుకుంటున్నాను, చాలావరకు పోయింది. మొత్తం పోలేదు.

ఇందాక పిక్ కదల్లేదని గట్టిగానే చెప్పాను. ఇన్నేళ్ల వాడకం చూస్తే ఆ మాటను కొంచెం తగ్గించి చెప్పాలి. మరీ పల్చటి పిక్ అయితే మూడు వేళ్ల మధ్య కూడా వంగి పక్కకు తప్పుకుంటుంది, టార్టెక్స్‌లో ఎరుపు రంగుది 0.50 మిల్లీమీటర్లు, దానితో నాకు అస్సలు కుదరలేదు. పసుపుది, 0.73, స్ట్రమ్మింగ్‌కి సరిపోయింది. ఆకుపచ్చది, 0.88, ఇంకా బాగా నిలుస్తుంది కానీ నెమ్మది పాటల్లో గరుకుగా అనిపిస్తుంది. ఇంకోటి, ఈ పట్టులో పిక్ తిరిగితే ఆలస్యంగా తెలుస్తుంది. రెండు వేళ్లతో పట్టుకున్నప్పుడు జారుతున్న సంగతి చర్మానికి ముందే తెలిసేది.

ఒక్కొక్క స్వరం వాయించాల్సిన చోట అసలు ఇబ్బంది వస్తుంది. పాట మధ్యలో చిన్న బిట్ ఉంటుంది, తీగ దాటి తీగకు వెళ్లాలి, అక్కడ మూడు వేళ్లూ కలిసి చేతికి బరువైపోతాయి. నా చేయి ఈ పట్టులో మణికట్టు దగ్గర ఎక్కువ వంగుతుంది, ప్రోగ్రాం పొడుగైతే ముంజేయి లాగుతుంది. పిక్‌తో ఒక తీగ కొడుతూ మధ్యవేలితో ఇంకో తీగ మీటే హైబ్రిడ్ పికింగ్ సంగతి మరిచిపోవడమే. ఆ మధ్యవేలికి ఇక్కడ ఉద్యోగం ఇచ్చేశాం కదా. ఉంగరం వేలుతో లాగొచ్చు అంటారు. నా ఉంగరం వేలు ఒప్పుకోలేదు.

మిగతా పట్లు కూడా చూశాను, వాటి గురించి క్లుప్తంగా చెబుతాను. రాక్ గిటారిస్ట్ ఎడ్డీ వాన్ హేలెన్ బొటనవేలికీ మధ్యవేలికీ మధ్య పట్టుకునేవాడు, గిటార్ మెడ మీద తీగలను వేలితో తట్టి వాయించే ట్యాపింగ్‌కి చూపుడు వేలు ఖాళీగా ఉంచుకుని. స్ట్రమ్మింగ్‌లో ఆ ఖాళీ వేలు నాకు అడ్డమే అయింది. జాజ్ గిటారిస్ట్ జార్జ్ బెన్సన్‌లా బొటనవేలు వెనక్కి వంచి పిక్‌ను ఎదురువాలుగా తిప్పి పట్టడం గొప్పగా వినపడుతుంది, నా బొటనవేలు అలా వంగదు, దేవుడు ఇవ్వలేదు. ఇక బొటనవేలికి తొడుక్కునే థంబ్ పిక్ జారదు, అది నిజం, కానీ అప్‌స్ట్రోక్‌లో తీగలకు చిక్కుకుంటుంది, వేలికి బిగుతైతే పాట మధ్యలో తిమ్మిరి. సితార్ వాళ్లను చూస్తే అసూయగా ఉంటుంది, మిజ్రాబ్ అనే లోహపు తీగ తొడుగు చూపుడు వేలికి తొడుక్కుంటారు, ఇక అది ఎటు పోతుంది.

మూడు వేళ్ల పట్టుకు నిజంగా జోడీ కుదిరింది పెద్ద త్రిభుజం పిక్. వేళ్లన్నిటికీ చోటు ఉంటుంది. దాని మూడు మూలలూ ఒకటే ఆకారం కాబట్టి తిరిగి తిరిగి పక్క మూల ముందుకు వచ్చినా అదీ కొనే. ఇది తెలిశాక నెల్లూరులో అడిగితే దుకాణంలో దొరకలేదు, ట్రంకు రోడ్డంతా తిరిగాను, చివరికి ఆన్‌లైన్లో తెప్పించుకున్నాను. గిటారిస్ట్ ఎరిక్ జాన్సన్ వాడే జాజ్ త్రీ లాంటి చిన్న పిక్ మాత్రం ఈ పట్టుకు కొనొద్దు. మూడు వేళ్లు పెట్టాక తీగకు తగలడానికి పిక్ మిగలదు.

ఇప్పుడు నా లెక్క ఇది. ఎండాకాలంలో, స్టేజీ మీద, చర్చిలో జనం నిండినప్పుడు, స్ట్రమ్మింగ్ ఎక్కువ ఉన్న పాటలకు మూడు వేళ్లే. డిసెంబరు, జనవరిలో చేయి పొడిగా ఉంటే, బిట్లు ఎక్కువ ఉన్న పాటలకు మళ్లీ రెండు వేళ్లకు వస్తాను. రెండింటి మధ్య మారడం మొదట్లో చికాకే, తర్వాత అలవాటైంది. చేతులకు చెమట పట్టని అదృష్టవంతులు, ఏసీ గదిలో ఎలక్ట్రిక్ వాయించేవాళ్లు దీనికోసం కష్టపడాల్సిన అవసరం నాకైతే కనపడదు. కొత్తగా నేర్చుకుంటున్న పిల్లలకు కూడా ముందు మాస్టారు చెప్పిన పట్టే రానివ్వండి. చేతులు నాలాగే తడిసిపోయేవాళ్లు మాత్రం పసుపు టార్టెక్స్ ఒకటి, త్రిభుజం ఒకటి తెప్పించుకుని ఒక ఎండాకాలం చూడండి. మధ్యవేలు గోరు మొదటిరోజే కత్తిరించుకోండి, లేకపోతే మీ సౌండ్ తమ్ముడు కూడా కేబుళ్లు మారుస్తాడు.