సొంత అడాప్టరున్న యూఎస్‌బీ హబ్: గుంటూరులో మూడేళ్ల వాడకం తర్వాత

హార్డ్ డిస్క్ గుచ్చగానే ల్యాప్‌టాప్ టక్కున ఆగిపోతే చాలామంది ముందు మదర్‌బోర్డును అనుమానిస్తారు. చాలాసార్లు తేడా కరెంటు లెక్కలో ఉంటుంది. ఆ లెక్క సరిచేయడానికి తీసుకున్నదే ఒక యూఎస్‌బీ పోర్టును ఏడుగా చేసే ఈ హబ్. దీని అడాప్టరు 5 వోల్టులు, 4 ఆంపియర్లు. గుంటూరులో ఆన్‌లైన్ దరఖాస్తులు నింపే షాపులో రోజూ పది గంటలు పనిచేస్తోంది. వేలిముద్ర స్కానరు, వెబ్‌క్యామ్, రెండున్నర అంగుళాల హార్డ్ డిస్క్, కీబోర్డు, మౌసు, కస్టమర్లు తెచ్చే పెన్‌డ్రైవులు, అన్నీ దీనిమీదే.

ల్యాప్‌టాప్ యూఎస్‌బీ 2 పోర్టు ఇవ్వాల్సింది 500 మిల్లీ ఆంపియర్లు, యూఎస్‌బీ 3 అయితే 900. హార్డ్ డిస్క్ తిరగడం మొదలెట్టే ఆ ఒకటి రెండు సెకన్లలో దాదాపు ఒక ఆంపియర్ లాగుతుంది. అడాప్టరు లేని చవక హబ్ కొంటే ఆ 900నే అందరికీ పంచుతుంది, కొత్తగా ఇచ్చేదేమీ ఉండదు.

కొనేముందు రోగం ఏదో తేల్చుకోవాలి. మామూలుగా కరెంటు చాలకపోతే ఆ పరికరం కనెక్షన్ ఒక్కటే తెగిపోవాలి, ల్యాప్‌టాప్ మొత్తం ఆగకూడదు. మొత్తం ఆగిందంటే బ్యాటరీ ముసలిదైంది, లేదా చార్జరు వాట్లు తక్కువ, లేదా ఎక్కడో షార్ట్ ఉంది. చార్జరు పెట్టి ఉన్నప్పుడు బాగానే ఉండి, బ్యాటరీ మీద 40 శాతం చూపిస్తుండగానే ఆగితే అది బ్యాటరీయే: సెల్స్ అరిగితే లోడు పడగానే వోల్టేజి కుంగుతుంది. విండోస్ బ్యాటరీ రిపోర్టులో కొత్తప్పటి కెపాసిటీకి, ఇప్పటి ఫుల్ చార్జి కెపాసిటీకి తేడా చూడండి. సగానికి పడిపోయి ఉంటే హబ్ కన్నా ముందు బ్యాటరీ మార్చాలి. 65 వాట్ల ల్యాప్‌టాప్‌కి 45 వాట్ల చార్జరు వాడుతున్నా ఇదే తంతు.

మౌసుకు 100 మిల్లీ ఆంపియర్లు చాలు. అది పెట్టినా ఆగితే ఇంకేమీ గుచ్చకండి. టార్చి వేసి పోర్టు లోపల చూడండి. ప్లాస్టిక్ నాలుక విరిగి, రేకు వంగి చుట్టూ ఉన్న లోహానికి తగులుతుంటే అది షార్ట్, దానికి హబ్ మందు కాదు. ఆగిన ల్యాప్‌టాప్ మళ్లీ లేవకపోతే అన్నీ తీసేసి, చార్జరు కూడా పీకి, పవర్ బటన్ 30 సెకన్లు నొక్కి పట్టుకుని, ఆ తర్వాత చార్జరు ఒక్కటే పెట్టి ఆన్ చేయండి. చార్జరు పిన్ను గుచ్చగానే దాని మీది లైటు ఆరిపోతోందా? అప్పుడు షార్ట్ బోర్డులోనే ఉండొచ్చు, సర్వీసుకు ఇవ్వాల్సిందే.

కరెంటు చాలకపోవడం ఒక్కటే సమస్య అయినచోట ఈ హబ్ పూర్తిగా పనిచేసింది. స్కానరు మధ్యలో తెగిపోవడం, డిస్క్ టిక్కుటిక్కుమనడం మొదటి రోజే ఆగాయి. కానీ మూడు విషయాలు పెట్టె మీద రాసి ఉండవు.

కరెంటు పోయినప్పుడు హబ్ అడాప్టరు ఆగుతుంది. ఆ క్షణంలో హబ్ తన లోడంతా ల్యాప్‌టాప్ పోర్టు మీదికి తోస్తుంది. సరిగ్గా అప్పుడే ల్యాప్‌టాప్ కూడా బ్యాటరీ మీదికి మారుతుంది. అరిగిన బ్యాటరీ అక్కడే చేతులెత్తేస్తుంది. కాబట్టి హబ్ అడాప్టరును ఇన్వర్టరు లైనులోనే పెట్టాలి. ఇది మొదట్లో తెలియక హార్డ్ డిస్క్‌లో ఫైళ్లు పాడయ్యాయి.

రెండోది వేసవి. మే నెలలో, గాలి ఆడని స్విచ్ బోర్డు మూల ఆ చిన్న అడాప్టరు చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. రెండో ఏడాది లోడు మీద 5 వోల్టులు 4.6కి దిగాయి, 4.75 కన్నా తగ్గకూడదు. వోల్టులు చూపే యూఎస్‌బీ మీటరు పెట్టి చూస్తేనే ఇది బయటపడుతుంది. కొత్త అడాప్టరు కొనేటప్పుడు వోల్టులు తప్పనిసరిగా 5 ఉండాలి, ఆంపియర్లు 4 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉండొచ్చు. వైఫై రౌటరు అడాప్టరు పిన్ను కూడా దీనికి సరిగ్గా పడుతుంది, కానీ అది సాధారణంగా 12 వోల్టులది. పొరపాటున గుచ్చితే హబ్‌తో పాటు దానికి తగిలించినవీ కాలిపోవచ్చు. పిన్ను మెడకు రంగు టేపు చుట్టి ఉంచండి.

మూడోది అన్నిటికన్నా ప్రమాదం: కొన్ని హబ్‌లు కరెంటును వెనక్కి, ల్యాప్‌టాప్‌లోకి తోస్తాయి. ల్యాప్‌టాప్ ఆఫ్ చేసి చార్జరు తీసేశాక కూడా ల్యాప్‌టాప్ లైటు ఏదైనా మిణుకుమంటుంటే అదే కారణం కావచ్చు. బోర్డు పోవడానికి ఇదొక దారి. బ్రాడీపేట, అరండల్‌పేట షాపుల్లో కొన్నా, విజయవాడ నుంచి తెప్పించుకున్నా కౌంటరు దగ్గరే పరీక్షించండి. హబ్‌కు అడాప్టరు పెట్టి, ల్యాప్‌టాప్‌కు వెళ్లే వైరును ఖాళీగా వదిలి, ఆ ప్లగ్‌లో రెండు చివరల రేకుల మధ్య వోల్టులు కొలిచే మల్టీమీటరు పెట్టాలి. సున్నా దగ్గర ఉండాలి. 5 వోల్టులు చూపిస్తే ఆ హబ్ తిరిగిచ్చేసి ఇంకొకటి అడగండి.