మామూలు ప్రియస్ కొనాలా, ప్లగ్-ఇన్ ప్రియసా?

డాలస్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లు కారు మార్చేటప్పుడు ఈ ప్రశ్న తరచుగా వస్తుంది. ప్రియస్ అంటే టయోటా వాళ్ల హైబ్రిడ్ కారు, అంటే పెట్రోలు ఇంజన్‌తో పాటు బ్యాటరీతో నడిచే మోటారు కూడా ఉండేది; ప్లగ్-ఇన్ అయితే బ్యాటరీని గోడ ప్లగ్‌కి పెట్టి చార్జ్ చేసుకోవచ్చు. ముందు చూసుకోవాల్సింది మైలేజీ కాదు, రాత్రి కారు ఎక్కడ ఆగుతుందో. సొంత గరాజు ఉండి గోడకి ప్లగ్ ఉంటే ప్లగ్-ఇన్ గురించి ఆలోచించవచ్చు. అపార్ట్‌మెంట్‌లో చార్జింగ్ లేకపోతే మామూలు హైబ్రిడ్ తీసుకోండి.

ప్లగ్-ఇన్ ప్రియస్‌లో 13.6 కిలోవాట్-అవర్ బ్యాటరీ ఉంటుంది. ఎస్‌ఈ మోడల్ ఫుల్ చార్జింగ్‌తో దాదాపు 44 మైళ్లు, అంటే 70 కిలోమీటర్లు, పెట్రోలు లేకుండా వెళుతుంది. ఫ్రిస్కోలో ఇల్లు, ప్లానోలో ఆఫీసు అయితే రానుపోను దాంతోనే సరిపోతుంది. మామూలు 120 వోల్టుల ప్లగ్‌తో నిండడానికి 11 గంటలు పట్టినా, రాత్రి పెడితే పొద్దున్నకి రెడీ. అయితే చలికాలంలో హీటర్ వేస్తే ఆ 44 కాస్త తగ్గుతుంది.

వారాంతం హ్యూస్టన్ లాంటి దూరప్రయాణానికి బయల్దేరితే కథ మారుతుంది. చార్జింగ్ అయిపోయాక ప్లగ్-ఇన్ కూడా హైబ్రిడ్‌లాగే నడుస్తుంది, కానీ బరువైన బ్యాటరీ మోస్తూ గ్యాలన్‌కి 52 మైళ్లే ఇస్తుంది. మామూలు ప్రియస్‌లో ఎల్‌ఈ మోడల్ 57 ఇస్తుంది, ధర కూడా సుమారు 5 వేల డాలర్లు తక్కువ. ఎక్కువగా హైవే మీద తిరిగేవాళ్లకి ఆ తేడా పెట్రోలులో తిరిగి రావడం కష్టం.

కొని ప్లగ్ పెట్టని వాళ్లూ ఉంటారు. అలాంటి బద్ధకం ఉంటే మాత్రం ఆ 5 వేలు దండగ.