విండోస్ 11కి మారాలా వద్దా: డీటీపీ షాపులో చాలాకాలం వాడాక

విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. అప్పటి నుంచి షాపుకి వచ్చేవాళ్లు చాలామంది అడిగేది ఒకటే: "అన్నా, పదకొండు వేయించుకోమంటారా?" నా జవాబు ముందే చెప్పేస్తాను. మీ కంప్యూటర్‌కి అర్హత ఉండి, ఎస్‌ఎస్‌డీ (వేగంగా నడిచే కొత్త రకం డిస్క్), 8 జీబీ ర్యామ్ కూడా ఉంటే మారండి. అర్హత లేకపోతే అడ్డదారిలో ఎక్కించొద్దు. మారేముందు మాత్రం మీ ఫాంట్లు, మీ ప్రింటర్, మీ మెయిల్ ఐడీ ఒకసారి సరిచూసుకోండి. నేను చూసిన ఇబ్బందులన్నీ ఈ మూడింటి దగ్గరే వచ్చాయి.

మాది గుంటూరు జిల్లాలో చిన్న డీటీపీ షాపు. శుభలేఖలు, కరపత్రాలు, స్కూళ్ల ప్రశ్నపత్రాలు, రకరకాల దరఖాస్తులు. డిజైన్లు చేసే మెషిన్‌లో ఉన్నది ఎనిమిదో తరం ఇంటెల్ ఐ5 ప్రాసెసర్. దాన్ని విండోస్ 10 నుంచి ఉచితంగానే 11కి మార్చి, రోజంతా దాని మీదే పని చేస్తున్నాను. బిల్లులు, ప్రింట్లు చూసుకునే రెండో మెషిన్ ఆరో తరం ఐ3. అది ఇప్పటికీ విండోస్ 10 మీదే ఉంది. రెండూ పక్కపక్కనే ఉండడంతో తేడా రోజూ తెలుస్తుంది.

అర్హత సంగతి క్లుప్తంగా చెబుతాను. ఇంటెల్ అయితే ఎనిమిదో తరం, ఏఎమ్‌డీ అయితే రైజెన్ 2000 సిరీస్ నుంచి దాదాపు అన్నీ పనికొస్తాయి. టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్, ఆన్ అయ్యేటప్పుడు నమ్మకం లేని ప్రోగ్రామ్‌లని ఆపే సెక్యూర్ బూట్ ఉండాలి. మైక్రోసాఫ్ట్ వాళ్ల పీసీ హెల్త్ చెక్ యాప్ "కుదరదు" అందని వెంటనే కొత్త కంప్యూటర్ కొనేయకండి. చాలా మదర్‌బోర్డుల్లో టీపీఎం ఉంటుంది కానీ బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే కంప్యూటర్ సెట్టింగ్స్‌లో) ఆఫ్ చేసి ఉంటుంది. ఇంటెల్‌లో పీటీటీ అని, ఏఎమ్‌డీలో ఎఫ్‌టీపీఎం అని కనిపించేది అదే. ఆన్ చేస్తే చాలు. 4 జీబీ ర్యామ్ సరిపోతుందని రూల్స్‌లో ఉంది. బ్రౌజర్, వాట్సాప్, ఒక డిజైన్ సాఫ్ట్‌వేర్ కలిపి తెరిచేవాళ్లకి అది చాలదు.

ఇక ఫాంట్లు. తెలుగులో పని చేసేవాళ్లు ముందు చూడాల్సింది ఇదే. మా దగ్గరికి వచ్చే టీచర్లు ఏళ్ల తరబడి వర్డ్‌లో గౌతమి ఫాంట్‌తో ప్రశ్నపత్రాలు టైపు చేసుకుని దాచుకున్నారు. కొత్త లాప్‌టాప్ కొని ఆ ఫైల్ తెరిస్తే అక్షరాలు వేరేగా కనిపిస్తాయి, లైన్లు జరిగిపోతాయి. రెండు పేజీల పేపర్ మూడో పేజీలోకి పాకుతుంది, మార్కులు వేసిన కాలమ్ చెదిరిపోతుంది. ఫైల్ పాడైందని కంగారు పడతారు. ఫైల్‌కి ఏమీ కాలేదు. గౌతమి, వాణి ఫాంట్లని విండోస్ 10 నుంచే అదనపు ఫీచర్ల కింద పెట్టారు. అవి లేని చోట సిస్టమ్ నిర్మల ఫాంట్‌తో చూపిస్తుంది. సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్ అని వెతికి, తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ ఎక్కిస్తే పేపర్ మళ్లీ రెండు పేజీల్లో కుదురుకుంటుంది.

యూనికోడ్ (అన్ని చోట్లా ఒకేలా చదవగలిగే అక్షరాల పద్ధతి) కాని పాత డీటీపీ ఫాంట్లతో ఇంకో చిక్కు ఉంది. ఫాంట్ ఫైల్ మీద డబుల్ క్లిక్ చేసి ఇన్‌స్టాల్ నొక్కితే అది ఆ ఒక్క యూజర్‌కే ఎక్కుతుంది. కొన్ని పాత సాఫ్ట్‌వేర్లకి అది అసలు కనపడదు. శుభలేఖ తెరిస్తే "చి.ల.సౌ." ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలు, గీతలు దర్శనమిస్తాయి. ఫాంట్ మీద రైట్ క్లిక్ చేసి, షో మోర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి, ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్ నొక్కాలి. మారేముందే ఫాంట్లన్నీ పెన్‌డ్రైవ్‌లో దాచుకోండి. వాటిలో కొన్ని ఇప్పుడు ఎక్కడ వెతికినా దొరకవు.

ఆ షో మోర్ ఆప్షన్స్ నాకు ఇప్పటికీ నచ్చదు. విండోస్ 10లో ఒక్క క్లిక్‌తో అయ్యే పనికి ఇక్కడ రెండు కావాలి. షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కితే పాత మెనూ నేరుగా వస్తుంది కాబట్టి నెట్టుకొస్తున్నాను.

ప్రింటర్ విషయం చిన్నగా తీసుకోకండి. విండోస్ 11లో 64 బిట్ ఒక్కటే ఉంది. చాలా షాపుల్లో పాత ప్రింటర్ కోసం, పాత స్కానర్ కోసం విండోస్ 10ని 32 బిట్‌లోనే ఉంచుకున్నారు. అలాంటి మెషిన్‌ని ఉన్నదాని మీదే అప్‌గ్రేడ్ చేయడం కుదరదు. మొత్తం తుడిచి కొత్తగా ఎక్కించాలి. ఆ తర్వాత ప్రింటర్‌కి 64 బిట్ డ్రైవర్ (దాన్ని విండోస్‌తో పని చేయించే చిన్న ప్రోగ్రామ్) లేకపోతే అది మూలన కూర్చోవాల్సిందే. 16 బిట్ నాటి ప్రోగ్రామ్‌లూ అంతే, తెరుచుకోవు. డాంగిల్ (తాళంచెవిలా పనిచేసే యూఎస్‌బీ ముక్క) పెడితే తప్ప నడవని సాఫ్ట్‌వేర్ ఉంటే, దాని డ్రైవర్ 11లో పని చేస్తుందో లేదో ముందే కనుక్కోండి. కోర్ ఐసొలేషన్ అనే రక్షణ కొన్ని పాత డ్రైవర్లని ఆపేస్తుంది. ఏవి ఆగాయో విండోస్ సెక్యూరిటీలో డివైస్ సెక్యూరిటీ కింద చూపిస్తుంది.

మూడోది మెయిల్ ఐడీ. దీని వల్ల ఒక డిగ్రీ అమ్మాయి పడిన బాధ కళ్లారా చూశాను. కొన్న రోజు షాపు కుర్రాడే లాప్‌టాప్ సెటప్ చేసి ఇచ్చాడట. హోమ్ ఎడిషన్ మొదటిసారి ఆన్ చేస్తే మైక్రోసాఫ్ట్ ఖాతా అడుగుతుంది. అతను అక్కడికక్కడే ఏదో మెయిల్ తయారు చేసి పని కానిచ్చాడు. తర్వాత బయోస్ అప్‌డేట్ అయ్యాక నీలం స్క్రీన్ వచ్చి 48 అంకెల రికవరీ కీ అడిగింది. డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంది, అంటే కీ లేకుండా చదవలేనట్టు తాళం పడి ఉంది, కీ ఆ మెయిల్ ఖాతాలో ఉంది, ఆ మెయిల్ ఏమిటో అతనికే గుర్తు లేదు. ప్రాజెక్ట్ రిపోర్టు, ఫొటోలు అన్నీ పోయాయి. నా దగ్గరికి తెచ్చింది కానీ కీ లేకుండా ఎవరూ ఏమీ చేయలేరు. విండోస్ 11లో 24హెచ్2 అనే వెర్షన్ నుంచి కొత్తగా ఎక్కించిన చాలా మెషిన్లలో ఈ ఎన్‌క్రిప్షన్ దానంతట అదే ఆన్ అవుతుంది. దొంగ చేతిలో పడితే డేటా భద్రంగా ఉంటుంది, కాబట్టి మంచిదే. ఖాతా మాత్రం మీ సొంత మెయిల్‌తో ఉండాలి. కీని కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోండి.

నచ్చినవీ ఉన్నాయి. విండోస్, జెడ్ కలిపి నొక్కితే స్క్రీన్‌ని ఎలా పంచుకోవాలో అడుగుతుంది. ఎడమ పక్క కస్టమర్ వాట్సాప్‌లో పంపిన పేర్లు, కుడి పక్క కార్డు డిజైన్ పెట్టుకుంటాను. పెళ్లికూతురు తాతగారి ఇంటిపేరు తప్పుపడకుండా చూసుకోవడానికి ఇంతకంటే సుఖం లేదు. ఫోల్డర్లకి ట్యాబులు 2022లో వచ్చాయి, అవీ బాగా పనికొస్తాయి. టాస్క్‌బార్‌లో ఫైళ్ల పేర్లు విడివిడిగా కనపడే సదుపాయం మొదట్లో తీసేసి 2023లో తిరిగి ఇచ్చారు. అది లేని రోజుల్లో అయితే మారమని ఎవరికీ చెప్పేవాణ్ణి కాదు. వేగంలో నా ఐ5 మీద పెద్ద తేడా ఏమీ తెలియలేదు. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు టైపు చేసే తెలుగు ఫొనెటిక్ కీబోర్డు కోసం మారుతున్నామనేవాళ్లకి ఒక మాట: అది 2019 నుంచి విండోస్ 10లోనూ ఉంది.

మరి రెండో మెషిన్ ఎందుకు మార్చలేదు? రూఫస్ లాంటి ఇన్‌స్టాల్ టూల్స్‌తో రూల్స్ దాటించి 11 ఎక్కించవచ్చు, చాలామంది చేస్తున్నారు. అలా ఎక్కించిన వాటికి అప్‌డేట్లు ఇస్తామని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు. కస్టమర్ల ఆధార్ కాపీలు తిరిగే మెషిన్ మీద ఆ టెన్షన్ నాకు వద్దు. విండోస్ 10కి 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇచ్చే ఈఎస్‌యూ పథకం ఉంటే అందులో చేర్చాను. విండోస్ అప్‌డేట్ పేజీలోనే ఆ లింకు ఉంటుంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బు కట్టక్కర్లేదు. ఇంట్లో బ్రౌజింగ్‌కి, యూట్యూబ్‌కి మాత్రమే వాడే పాత మెషిన్ అయితే విండోస్ బదులు లైనక్స్ మింట్ అనే ఉచిత సిస్టమ్ వేసుకోండి, తెలుగు చక్కగా కనిపిస్తుంది. పేజ్‌మేకర్ అనే పాత డీటీపీ సాఫ్ట్‌వేర్ మీద బతికే షాపుకి అది కుదరదు.

ఎప్పుడు మార్చాలన్నది కూడా ముఖ్యమే. నేను ఆషాఢంలో మార్చాను, శుభలేఖల పని ఉండదని. అప్‌గ్రేడ్ అయ్యాక 10 రోజుల్లోపు అయితే సెట్టింగ్స్‌లో రికవరీలోకి వెళ్లి, గో బ్యాక్ నొక్కి పాత విండోస్‌కి తిరిగి రావచ్చు. ఆ గడువు దాటేవరకు డిస్క్ క్లీనప్‌లో పాత విండోస్ ఫైళ్లని తీసేయకండి. ఆ 10 రోజుల్లోనే ప్రతి ప్రింటర్‌లో ఒక కాగితం తీయండి, స్కానర్ పెట్టి చూడండి, ఐదారేళ్ల కిందటి ఫైళ్లు నాలుగైదు తెరిచి ఒత్తులు, వట్రసుడులు సరిగ్గా పడుతున్నాయో చూసుకోండి.