పోయిన ఉత్తరం, అడగని మాట

ఐరిష్ రచయిత్రి శాలీ రూనీ నవల ‘నార్మల్ పీపుల్’ (2018) రెండోసారి చదివాను. ఈసారీ కొన్ని చోట్ల ముద్దొచ్చింది, కొన్ని చోట్ల చిరాకేసింది. అదే వారం డేవిడ్ నికల్స్ ప్రేమకథ ‘వన్ డే’ (2009) కూడా తిరగేశాను కాబట్టి పోలిక తప్పలేదు.

చిరాకు ఎక్కడంటే, రూనీ నవల్లో డబ్లిన్‌లో చదువుకునే కానెల్‌కి ఆ వేసవి అద్దె కట్టే దారి లేదు. మీ ఇంట్లో ఉండనా అని ప్రేమించిన మరియాన్‌ని ఒక్క మాట అడిగితే సరిపోయేది. నోరు పెగలదు. ఊరెళ్తానంటాడు. వదిలేస్తున్నాడని ఆమె అనుకుంటుంది. అయిపోయింది! మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసేసి “ఒరే, అడగరా” అని పైకే అనేశాను. కానీ కానెల్ వాళ్లమ్మ లొరెయిన్ మరియాన్ వాళ్లింట్లోనే పనిమనిషి. అది గుర్తొస్తే వాడి మౌనం అర్థమవుతుంది. అర్థమైనా విసుగు పోదనుకోండి.

‘వన్ డే’లోనూ మాట చేరదు, కానీ అక్కడ తప్పు తలరాతది. కథానాయకుడు డెక్స్టర్ బొంబాయిలో కూర్చుని, ఇండియాకి వచ్చెయ్యమని నాయిక ఎమాకి పేద్ద ఉత్తరం రాసి, దాన్ని బార్‌లోనే వదిలేసి పోతాడు. నవ్వూ వస్తుంది, ఉసూరుమనీ అనిపిస్తుంది. 1988 నుంచి ఏటా జూలై 15నే వాళ్లని చూపించే పద్ధతి బాగుంది. మధ్యలో అతగాడి తాగుడు, టీవీ వైభోగం మాత్రం సాగదీతే.

రూనీ సంభాషణలకి కొటేషన్ గుర్తులు పెట్టదు. పైకి అన్నదీ లోపల అనుకున్నదీ కలిసిపోతాయి. ఈ జంటకి అదే సరైన పద్ధతి.

ఏడవాలనుంటే ‘వన్ డే’ తీసుకోండి, ఇచ్చేస్తాను. రూనీది మాత్రం చదివాక తిరిగివ్వాలి.