అంతరిక్షంలో పోటీ మేలా, పొత్తు మేలా?

తిరుపతిలో ఉండేవాళ్లకి రాకెట్ దూరపు వార్త కాదు. 2022 నుంచి శ్రీహరికోట మా జిల్లాలోనే ఉంది. ప్రయోగానికి ముందు ఇస్రో శాస్త్రవేత్తలు చిన్న రాకెట్ నమూనా పట్టుకుని కొండకి వస్తారు. అందుకే మా దగ్గర ఈ వాదన తరచూ వస్తుంటుంది. దేశాలు పోటీ పడితే మేలా, చేతులు కలిపితే మేలా?

పోటీయే మేలనేవాళ్లకి గట్టి సాక్ష్యం క్రయోజెనిక్ ఇంజిన్, అంటే అతి చల్లటి ద్రవ ఇంధనంతో నడిచే రాకెట్ ఇంజిన్. దాన్ని పరిజ్ఞానంతో సహా మనకి ఇస్తామని 1991లో సోవియట్ సంస్థ గ్లావ్‌కాస్మోస్ ఒప్పుకుంది. క్షిపణి టెక్నాలజీ చేతికొస్తుందంటూ అమెరికా 1992లో ఆంక్షలు పెట్టింది. చివరికి రష్యా నుంచి ఇంజిన్లు వచ్చాయి గానీ వాటిని చేసే విద్య రాలేదు. సుమారు మైనస్ 253 డిగ్రీల దగ్గర ఉండే ద్రవ హైడ్రోజన్‌ని అదుపులో పెట్టి మండించడం మనవాళ్లు సొంతంగానే నేర్చుకోవాల్సి వచ్చింది. 2010 ఏప్రిల్‌లో మన ఇంజిన్‌తో వెళ్లిన మొదటి జీఎస్‌ఎల్‌వీ రాకెట్ సముద్రం పాలైంది. 2014 జనవరి 5న గెలిచాం. ఆ కసి లేకపోతే ఇంకా కొనుక్కుంటూనే ఉండేవాళ్లం అని నా నమ్మకం.

పొత్తు సంగతి చూడాలంటే నాసా, ఇస్రో కలిసి చేసిన, రాడార్‌తో భూమిని చూసే ఉపగ్రహం నైసార్‌ని చూడాలి. ఆంక్షలు పెట్టిన అమెరికా రాడారే 2025 జులై 30న మన క్రయోజెనిక్ ఇంజిన్ ఉన్న జీఎస్‌ఎల్‌వీ మీద శ్రీహరికోట నుంచి పైకి వెళ్లింది. ఎల్-బ్యాండ్ రాడార్ నాసాది, ఎస్-బ్యాండ్ ఇస్రోది. రెండిటికీ కలిపి 12 మీటర్ల వల లాంటి యాంటెన్నా ఒక్కటే. ఎల్-బ్యాండ్ తరంగం పొడవు సుమారు 24 సెంటీమీటర్లు, అందుకే ఆకుల మధ్య నుంచి కిందికి దిగుతుంది. ఎస్-బ్యాండ్ అందులో సగం కూడా ఉండదు, పంటల్ని, పలచటి పచ్చదనాన్ని బాగా పడుతుంది. ఒకే చోటుని 12 రోజులకోసారి ఒకే తీరులో చూస్తే నేల సెంటీమీటరు కుంగినా తెలిసిపోతుంది. సమాచారం అందరికీ ఉచితం. ఒక్క దేశం ఒంటరిగా మోసే పని కాదిది.

తలుపులు మూసేసే పోటీ మాత్రం నాకు నచ్చదు. 2011లో చైనాతో నాసా నేరుగా పనిచేయకుండా అమెరికా చట్టం తెచ్చింది. చైనా ఆగిందా? సొంతంగా తియాంగాంగ్ అంతరిక్ష కేంద్రం కట్టుకుంది. నష్టపోయింది సైన్సే.

నా ఓటు పొత్తుకే. కాకపోతే మన వాటా మన చేతిలో ఉండాలి. ఉత్తచేతులతో వెళితే అవతలివాడు ఇచ్చిందే పుచ్చుకోవాలి. జపాన్‌తో కలిసి చేయబోయే చంద్రయాన్-5లో రాకెట్, రోవర్ వాళ్లవి, ల్యాండర్ మనది. 2023 ఆగస్టు 23న చంద్రుడి మీద దిగి చూపించాం కాబట్టి ఆ పనికి మనం ఉత్తచేతులతో వెళ్లడం లేదు.