తెల్ల టై, నల్ల టై, స్టీలు టై: హామ్ యాంటెన్నా కేబుల్‌కి ఏది నిలుస్తుంది?

వరంగల్ చౌరస్తాలో అడిగినా, హనుమకొండలో అడిగినా ఎలక్ట్రికల్ దుకాణంవాళ్లు కేబుల్ టై అనగానే ముందు చేతిలో పెట్టేది తెల్ల నైలాన్ ప్యాకెట్టే. చవక, ఇంట్లో వైర్లు సర్దుకోవడానికి బాగానే ఉంటుంది. డాబా మీద యాంటెన్నా నిలిపే జీఐ పైపుకి ఆర్‌జీ-213 (హామ్, అంటే అభిరుచి కొద్దీ రేడియో నడిపేవాళ్లు, యాంటెన్నాకి వాడే లావు కోయాక్సియల్ కేబుల్) కట్టడానికి మాత్రం దాన్ని కొనకండి. రోళ్లు పగిలే రోహిణి ఎండకి తెల్ల నైలాన్ పెళుసెక్కుతుంది. ఆ వెంటనే వచ్చే ఈదురుగాలికి పైపు ఊగితే తాళం దగ్గర పుటుక్కుమంటుంది. ఒకటి తెగితే దాని బరువు పక్క టై మీద పడుతుంది, అదీ తెగుతుంది. చివరికి కేబుల్ మొత్తం పైన కనెక్టర్‌కి వేలాడుతుంది.

నల్ల టై సంగతి వేరు. అందులో కలిపిన కార్బన్ బ్లాక్ అతినీలలోహిత కిరణాల్ని లోపలికి పోనివ్వదు. అయితే నల్లగా ఉన్నదల్లా ఎండకి నిలిచేది కాదు, ఉత్త రంగు వేసినవీ అమ్ముతారు. ప్యాకెట్ మీద యూవీ అని, నైలాన్ 66 అని రాసుందో లేదో చూసి తీసుకోండి. తెరిచిన ప్యాకెట్‌ని మాత్రం డాబా మీద వదిలేయొద్దు. నైలాన్ మెత్తగా వంగేది దానిలో ఉండే కొద్దిపాటి తేమ వల్లే. ఆ తేమ ఆరిపోతే కొత్త టై కూడా బిగించేటప్పుడే విరుగుతుంది. గట్టిపడ్డ టైలని కొన్ని గంటలు నీళ్లలో వేసి ఉంచితే మళ్లీ దారికొస్తాయి.

సైజు దగ్గర చాలామంది పొరబడతారు. ఒకటిన్నర అంగుళాల జీఐ పైపు బయటి వ్యాసం 48 మి.మీ., ఆర్‌జీ-213ది 10.3 మి.మీ. రెండింటినీ కలిపి చుడితే చుట్టుకొలత 163 మి.మీ. దాకా వస్తుంది. 200 మి.మీ. టై సరిపోతుందనిపిస్తుంది గానీ తాళంలోకి దూరి, చేత్తో పట్టి లాగడానికి తోక మిగలదు. 250 తీసుకోండి. పైపుకీ కేబుల్‌కీ మధ్య ఎనిమిది అంకెలా మెలితిప్పి కట్టేవాళ్లకి 300 కావాలి. వెడల్పు 4.8 మి.మీ. ఉంటే 22 కిలోల దాకా ఆగుతుంది, అది చాలు. 2.5 మి.మీ. సన్న టైలు 8 కిలోలకే తెగుతాయి. 6 మీటర్ల పైపుకి 60 సెం.మీ.కి ఒకటి చొప్పున పది టైలు వేయండి.

ఇక బిగింపు. టై కట్టాక కేబుల్‌ని వేళ్లతో తిప్పితే కష్టంగా తిరగాలి, కానీ దాని గుండ్రం చెడకూడదు. తొడుగు మీద గాడి పడిందంటే ఎక్కువ బిగించినట్టే. ఎల్‌ఎంఆర్-400 లాంటి, లోపల మెత్తటి ఫోమ్ ఉన్న కేబుల్‌లో ఈ తప్పు ఖరీదైనది. నొక్కిన చోట లోపలి తీగకీ జల్లికీ (దాని చుట్టూ ఉండే సన్న తీగల అల్లిక) మధ్య దూరం తగ్గి, కేబుల్‌కి ఉండాల్సిన 50 ఓమ్‌ల ఇంపెడెన్స్ మారిపోతుంది. ఎండకి మెత్తబడ్డ కేబుల్‌ని గట్టిగా బిగిస్తే లోపలి తీగ మెల్లగా పక్కకి జరుగుతుంది కూడా. అందుకే ఈ పని మిట్టమధ్యాహ్నం పెట్టుకోకుండా పొద్దున్నో సాయంత్రమో చేయండి. టై కింద పాత సైకిల్ ట్యూబు ముక్క ఒక చుట్టు వేస్తే సగం సమస్య తీరుతుంది, దానికి ఖర్చూ లేదు.

స్టీలు టైలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, సాధారణంగా 304 గ్రేడ్, 4.6 మి.మీ. వెడల్పు. ఎండ వాటిని ఏమీ చేయలేదు. కానీ వాటి అంచు చురుకైనది. ట్యూబు ముక్క లేకుండా నేరుగా కేబుల్‌కి వేస్తే, గాలికి ఊగినప్పుడల్లా తొడుగు కొంచెం కొంచెం కోసుకుపోతుంది. ఒకసారి తాళం పడిందంటే కోయడం తప్ప విప్పే దారి లేదు. మళ్లీ మళ్లీ ఎక్కలేని పైపు కొసకి మాత్రమే వాడండి. ఇంతకన్నా మంచిది లోపల రబ్బరు పూతున్న పి ఆకారపు క్లాంపు. ధర ఎక్కువే గానీ కేబుల్ లావుకి సరిపడా సైజు తీసుకుంటే కేబుల్ నలగదు, కావాలంటే స్క్రూ విప్పి తీసేయొచ్చు. పిట్టగోడ మీద, కిటికీ పక్కన దీన్ని మించింది లేదు.

బైండింగ్ వైరు ఊసెత్తొద్దు. కేబుల్ టీవీవాళ్ల మేకు క్లిప్పులూ వద్దు. అవి సన్న టీవీ కేబుల్ కోసం చేసినవి, ఆర్‌జీ-213 మీద సుత్తితో కొడితే పగిలేది క్లిప్పో కేబులో.

ఏ టై వేసినా అసలు పరీక్ష ఫీడ్ పాయింట్ దగ్గరే, అంటే కేబుల్ యాంటెన్నాకి కలిసే చోట. ఆర్‌జీ-213 మీటరుకి సుమారు 150 గ్రాములు, అంటే పది మీటర్లకి కిలోన్నర. 40 మీటర్ల బ్యాండ్ డైపోల్, అంటే మధ్యలో కేబుల్ కలిపే ఇరవై మీటర్ల తీగ యాంటెన్నా, రెండు చెట్ల మధ్య కడితే ఆ బరువంతా టంకం వేసిన జల్లి మీద పడుతుంది. గాలికి ఊగి ఊగి సరిగ్గా టంకం ఆగిన చోటే తెగుతుంది. కేబుల్‌ని నడిమి ఇన్సులేటర్ రంధ్రంలోంచి మెలిక తిప్పి, ఆ మెలికకి రెండు టైలు వేయండి. బరువు మెలిక మోయాలి, జల్లి వదులుగా ఉండాలి. ఇన్వర్టెడ్ వీ (నడిమి భాగం పైపు కొసన ఉండి రెండు కొసలూ కిందికి వాలే డైపోల్) అయితే ఈ బాధ తక్కువ, కనెక్టర్ కింద 15 సెం.మీ.లోపు పైపుకి మొదటి టై పడితే చాలు.

కేబుల్ కొసకి వేసే పీఎల్-259 కనెక్టర్ వాన ఆపదు. స్కాచ్ 23 రబ్బరు టేపుని సాగదీస్తూ, సగం మీద సగం పడేలా కింద నుంచి పైకి చుట్టండి. అప్పుడు పెంకుల మీద నీళ్లలా వాన జారిపోతుంది. ఆ రబ్బరుకి ఎండ పడదు కాబట్టి పైన స్కాచ్ 33 ప్లస్ వినైల్ టేపు రెండు పొరలు వేయండి. మామూలు ఇన్సులేషన్ టేపు మే నెలకల్లా జిగురు కార్చి విప్పుకుంటుంది. నీళ్లు జల్లిలోకి దిగితే ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు (యాంటెన్నా నుంచి ఎంత శక్తి వెనక్కి తిరిగొస్తుందో చూపేది) పట్టించదు సరికదా, నష్టం పెరిగేకొద్దీ అంకె ఇంకా మెరుగ్గా చూపిస్తుంది. దాన్ని చూసి మురిసిపోయేవాళ్లున్నారు.

చివరిగా కోతులు. ఉత్తర తెలంగాణ ఊళ్లలో డాబా వాటిదే. వదులుగా వేలాడే ప్రతి మెలికా వాటికి ఊయలే. నీరు జారడానికి కిటికీ రంధ్రం దగ్గర వదిలే వంపు 10 సెం.మీ. మించనివ్వకండి, దానికి రెండు వైపులా క్లాంపు వేయండి. పిట్టగోడ నుంచి కిందికి పీవీసీ పైపులో దింపడమే మేలు. 25 మి.మీ. పైపులో పీఎల్-259 నేరుగా జారుతుంది గానీ వంపు దగ్గర ఇరుక్కుంటుంది. 32 మి.మీ. తీసుకోండి, లేదంటే కేబుల్ లాగాకే కనెక్టర్ టంకం వేయండి. నల్ల టైలని మృగశిర కార్తెకి ముందు ఒక్కొక్కటీ వేలితో వంచి చూడండి. తెల్లటి గీత కనిపిస్తే కొత్తది కట్టాకే పాతది కోయండి.